మధ్యవర్తి వంతు

మా బజారులో పోలీసు సంతకాలకి వంతులుండేవి. బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది కాబట్టి ముందే చెబుతాను. ఎక్కడైనా సోదా జరిగి సరుకు పట్టుబడితే, అక్కడ ఇద్దరు పెద్దమనుషులు నిలబడి చూసి, చూశామని మధ్యవర్తుల నివేదిక మీద సంతకాలు పెట్టాలి. మాది కొల్లేరు ఒడ్డున చిన్న ఊరు. పేరు రాయను, అక్కడ నేనింకా వ్యాపారం చేసుకోవాలి. మా వీధిలో ఉన్నవన్నీ చేపల, రొయ్యల చెరువుల మీద బతికే కొట్లు: ఐసు, మేత, వలలు, మందులు. పొద్దున్న పదిన్నరకి బేరం వదులుకుని కోడిపందేల బరి దగ్గరికి ఎవరు వెళతారు? అందుకని మా వర్తక సంఘంలో ఎప్పుడో ఒక ఏర్పాటు జరిగిపోయింది. నెలకి రెండు కొట్ల వంతు. కానిస్టేబుల్ కాగితాలు కొట్టుకే తెస్తాడు. మేం గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండా సంతకం పెడతాం, ఆయనకి టీ తెప్పిస్తాం. కాగితంలో మాత్రం మేం పొలం గట్టు మీద నిలబడి రెండు కోళ్ళనీ నాలుగు కత్తులనీ కళ్ళారా చూసినట్టు ఉంటుంది.

ఇది తప్పని తెలియదా అంటే తెలుసు. తప్పు చేస్తున్నట్టు ఎప్పుడైనా అనిపించిందా అంటే లేదు. పందెం కోళ్ళని పట్టుకున్నది నిజమే కదా, నేను చూస్తేనేం చూడకపోతేనేం అనుకునేవాణ్ణి. పైగా మొహం మీద కాదనడం మా వైపువాళ్ళకి చేతకాదు. అవతలివాడు "ఏవండీ" అని మొదలుపెట్టాక మేం "కుదరదండీ" అనలేం. ఈ మెత్తదనాన్నే మంచితనం అనుకుని యాభై ఏళ్ళు దాటించాను. ఇప్పుడు ఎవరైనా "మీ గోదావరి వాళ్ళు ఎంత మర్యాదస్తులండీ" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. మా నాన్నగారిది ఉల్లిపాయల వ్యాపారం. ఆయన బస్తా మూతి దగ్గర కనపడే పాయల్ని చూసి సరుకు కొనేవారు కాదు. పక్కన చిన్న చిల్లు చేసి, మధ్యలోంచి ఒక పాయ లాగి, కోసి, వాసన చూసేవారు. సరుకు చూడకుండా మాట ఇవ్వకూడదని ఆ మార్కెట్లో తిరిగే ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. అలాంటి చోట పెరిగి కూడా, చూడనిదాన్ని చూశానని రాసివ్వకూడదని నాకు తోచలేదు. పెళ్ళయ్యాక, కొల్లేరు పక్కన చెరువులు పెరుగుతున్నాయని విని, ఈ ఊరొచ్చి మేతా మందుల కొట్టు పెట్టుకున్నాను.

నేను చెప్పబోయేది జరిగిన యేడు ఉత్తరాదిన ఎక్కడో ఉగ్రవాదులు అమాయకుల్ని చంపారు. చంపిన తీరు టీవీలో చెబుతుంటే మా ఆవిడ అన్నం కంచం ముందు నుంచి లేచిపోయింది. తర్వాత సరిహద్దులో కాల్పులు, విమానాలు. యుద్ధం మా ఊరిదాకా రాదని అందరికీ తెలుసు. అయినా ఐసు ఫ్యాక్టరీ మీద బాంబు పడితే అందులోని అమ్మోనియా గ్యాసు సంగతేమిటని సంఘం మీటింగులో అరగంట మాట్లాడుకున్నాం. జెండాలు పట్టుకుని ఊరేగింపు తీశాం. నేనూ నడిచాను, గొంతు పోయేలా అరిచాను. అందులో నటనేం లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

కాకపోతే అంత కోపానికి చేతికందే దూరంలో ఎవరో ఒకరు కావాలి. మాకు చేతికందే దూరంలో ఉన్నది చెరువు కూలీలు. కైకలూరు నుంచి ఉండి దాకా ఏ చెరువు గట్టు మీద చూసినా బెంగాలు నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్ళే ఉంటారు. వాళ్ళు లేకపోతే మాకు మేత చల్లేవాడు లేడు, వల లాగేవాడు లేడు. ఇన్నేళ్ళూ వాళ్ళ పేరడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ఒక్కసారిగా అందరికీ వాళ్ళ పేర్లు కావలసి వచ్చాయి.

నేను చెప్పాలనుకున్న మనిషి బెంగాలు నుంచి వచ్చినవాడు. ఒక రొయ్యల చెరువు మీద కాపలా, మేత, మందులు అన్నీ అతనే చూసుకునేవాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. మూడేళ్ళుగా సైకిలు మీద మా కొట్టుకి వచ్చి సరుకు పట్టుకెళ్ళేవాడు. తెలుగు పది మాటలు వచ్చు, ఆ పదింటికీ "అండీ" తగిలించేవాడు. "ఆక్సిజన్ అండీ. రెండు అండీ. బిల్లు అండీ." మేం నవ్వితే తనూ నవ్వేవాడు. ఒకసారి మా ఆవిడ పిల్లలెంతమంది బాబూ అని అడిగింది. "ఒకటి అండీ. పాప అండీ," అని, నేల నుంచి మోకాలిదాకా చెయ్యెత్తి పాప ఎంతుందో చూపించాడు. అతని పేరు నాకు తెలియదు. బిల్లు మీద చెరువు రైతు పేరే రాసేవాణ్ణి.

రొయ్యల చెరువు సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతే రొయ్యలు గట్టు పక్కకి వచ్చి తేలతాయి. గంట ఆలస్యమైతే చెరువంతా పోతుంది. అందుకని నీళ్ళు చిలికే ఏరియేటర్లు వేస్తారు, ఆక్సిజన్ మందు చల్లుతారు. ఆ మందు క్యాను ఒకటి, ఏరియేటర్లకి పెట్టే టైమర్లు నాలుగైదు, ఒక వైరు చుట్ట. ఇవి లేని షెడ్డు కొల్లేరు చుట్టూ ఎక్కడా దొరకదు.

అతన్ని పట్టుకున్న రోజు నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆ నెల వంతు నాదీ, పక్కనున్న ఐసు కొట్టాయనదీ. ఎప్పుడూ వచ్చే కానిస్టేబుల్ బదులు ఎస్సైగారే జీపులో వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. "రెండు నిమిషాల పనండీ," అని నాలుగు కాగితాలు గల్లాపెట్టె మీద పెట్టారు. మామూలుగా నేను చదవను. ఆయన స్వయంగా వచ్చారు కదా, చదవకుండా సంతకం పెడితే బాగుండదని చదివాను. చెరువు గట్టు మీది షెడ్డులో మా సమక్షంలో సోదా జరిగిందట. పేలుడు పదార్థముల తయారీకి ఉపయోగించు ద్రవము పది లీటర్ల క్యాను ఒకటి. పేలుడు సమయము నిర్ణయించు పరికరములు నాలుగు. విద్యుత్ తీగ చుట్ట ఒకటి. సెల్‌ఫోను ఒకటి.

ఆ క్యాను అంతకు ముందు సోమవారం నేనే అమ్మాను.

"ఇది చెరువు సామానండీ, ఎస్సైగారూ," అన్నాను. "ఆక్సిజన్ మందండీ ఇది. మా కొట్టుదే అయ్యుంటుందండీ."

ఆయన విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకూ పౌరుషం వచ్చేదేమో. "అయ్యుంటుందండీ. అయ్యన్నీ ల్యాబులో చూసుకుంటారండీ. కాకపోతే వదిలేస్తారు. ఫోన్లో ఏవో వీడియోలున్నాయంటండీ, పైనుంచి ఒకటే ఒత్తిడి. సరుకు ఏంటన్నది మీరు చెప్పక్కర్లేదండీ. దొరికిందని పెడితే చాలు."

"నేను చూడలేదు కదండీ."

"మీరెప్పుడు చూశారండీ?" అని నవ్వారు.

ఆ నవ్వులో వెటకారం లేదు. ఆయన అన్నది నిజమే. నాకూ నవ్వొచ్చింది. పెన్ను తీసి నాలుగు కాగితాల మీదా నాలుగు సంతకాలు పెట్టాను. ఆ సామాను దేనికో జిల్లా మొత్తం మీద నాకు తెలిసినంత బాగా తెలిసినవాళ్ళు పదిమంది ఉండరు. అది తెలిసే పెట్టాను. ఐసు కొట్టాయన చదవకుండా పెట్టాడు. అతని తప్పు నా తప్పంత పెద్దది కాదని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాడు పేపర్లో పడింది. టీవీలో ఆ క్యాను చుట్టూ ఎర్రగీత గీసి చూపించారు. చెరువు రైతు తనకేం తెలియదన్నాడు. కూలీలని తెచ్చే మేస్త్రీ పంపిస్తే పెట్టుకున్నాను, ఎవడో ఏమిటో అన్నాడు. క్యాను నాదని ఆ రైతు చెప్పలేదు, మందు నాదని నేను చెప్పలేదు. ఆ రోజే నేను కొట్టు ముందు వరసలో పేర్చిన క్యాన్లన్నీ వెనక గోడౌన్లోకి మార్పించాను. అడిగినవాళ్ళకి స్టాకు లేదన్నాను. ఇలాంటి పనులు మనిషి ఎంత చురుగ్గా చేస్తాడో నాకు అప్పుడు తెలిసింది. ఆగస్టు పదిహేనున సంఘంవాళ్ళు మా ఇద్దరినీ వేదిక మీదికి పిలిచి, దేశసేవలో సహకరించినందుకు అని శాలువాలు కప్పారు. కప్పించుకున్నాను. ఫోటోకి నిలబడ్డాను.

ఏడాది గడిచాక ఏలూరు నుంచి ఒక లాయరమ్మ మా ఇంటికి వచ్చింది. లాయరుని పెట్టుకోలేనివాళ్ళకి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లాయర్లుంటారు కదా, ఆ జాబితాలోంచి అతనికి ఆవిడ వచ్చింది. మా మేనకోడలి వయసుంటుంది. అతని మీద పెట్టిన చట్టం మామూలుది కాదనీ, అందులో బెయిలు రావడం చాలా కష్టమనీ, రెండుసార్లు కొట్టేశారనీ చెప్పింది. ల్యాబు రిపోర్టు పదకొండు నెలలకి వచ్చిందట. అందులో ఇది చెరువుల్లో వాడే మందే అని ఉంది, వేరే దానికి వాడే అవకాశం కూడా కలదు అని ఉంది. అవకాశం కలదు అన్న ఆ రెండు మాటల మీద అతను లోపలే ఉన్నాడు. ఫోన్లో ఉన్నవి ఊరేగింపుల వీడియోలు. మనందరి ఫోన్లలోనూ ఉండేలాంటివే.

"మీరు ఆ రోజు షెడ్డు దగ్గరికి వెళ్ళారాండీ?" అని అడిగింది.

"సంతకం నాదేనమ్మా," అన్నాను.

"అది కాదండీ. సోదా మీ కళ్ళ ముందు జరిగిందా?"

"సంతకం నాదే కదమ్మా. కాదనడం లేదు కదా."

మూడోసారి అడగలేదు. కాఫీ తాగి, గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టి, థాంక్సండీ అని చెప్పి వెళ్ళిపోయింది.  ఆవిడ బస్సెక్కాక మా ఆవిడ గ్లాసులు తీస్తూ, "ఆ పిల్ల అడిగింది అది కాదు కదండీ," అంది. నాకు కోపం వచ్చింది. కేసులూ కోర్టులూ నీకేం తెలుసని కసిరాను. ఆవిడ గ్లాసులు పట్టుకుని లోపలికెళ్ళింది. 

నేను ఏం చెప్పుకున్నానంటే, బాధ్యత నా ఒక్కడిదీ కాదు. ఎస్సైగారి మీద పైవాళ్ళ ఒత్తిడి. పైవాళ్ళ మీద దేశమంతా ఒత్తిడి. అక్కడ మంచు కొండల్లో సైనికుడు ప్రాణం పెట్టి కాపలా కాస్తుంటే, ఇక్కడ ఒక అనుమానితుడు నాలుగు రోజులు లోపల ఉంటే కొంపేం మునగదు. తప్పైతే కోర్టు చూసుకుంటుంది. ఇలా ఒకరి మీద నుంచి ఒకరి మీదకి తోసుకుంటూ పోతే చివరికి ఎవరి చేతిలోనూ ఏమీ మిగల్లేదు. అతనొక్కడే లోపల మిగిలాడు. నాలుగు రోజులు అనుకున్నది రెండేళ్ళయింది. నేను చూసిన యుద్ధం ఇంతే. టీవీలో మూడు వారాల్లో ఆగిపోయింది, ఈ కేసులో మాత్రం ఆగలేదు.

సాక్షిగా రమ్మని సమన్లు వచ్చాయి. భయం పట్టుకుంది. చూశానంటే అబద్ధం, చూడలేదంటే సంతకం అబద్ధం. ఎటు వెళ్ళినా నా మొహానే. మందుల అమ్మకానికి లైసెన్సుంది, అది ఎవరి చేతుల్లో ఉంటుందో నాకు తెలుసు. ఉగ్రవాదిని వెనకేసుకొచ్చాడని ఊళ్ళో అంటే నా కొట్టుకి ఎవరొస్తారు? ద్వారకా తిరుమల వెళ్ళి, క్యూలో రెండు గంటలు నిలబడి, స్వామీ ఈసారికి వాయిదా వేయించు అని మొక్కుకున్నాను. పడింది. జడ్జిగారు సెలవన్నారు. మా ఆవిడా నేనూ ఏలూరులో ఇడ్లీ తిని, ఆవిడకి ఒక చీర కొని, హాయిగా ఇంటికొచ్చాం. రెండోసారీ మొక్కుకున్నాను. రెండోసారీ పడింది.

మూడోసారీ మొక్కుకున్నాను. అదీ వాయిదా పడ్డప్పుడు కోర్టు మెట్ల దగ్గర లాయరమ్మ ఎదురైంది. మర్యాదగానే నమస్కారం పెట్టింది. "మళ్ళీ రెండు నెలలండీ అతనికి," అని వెళ్ళిపోయింది. నన్ను ఎత్తిపొడవడానికి అనలేదు. ఎవరితోనో ఒకరితో అనాలి కాబట్టి అంది. బస్సులో కూర్చున్నాక ఆలోచించాను. మొదటి వాయిదాకి మూడు నెలలు, రెండోదానికి రెండు, ఇప్పుడు ఇంకో రెండు. నేను కొండెక్కి స్వామిని అడిగి తెచ్చుకున్నది అతని ఏడు నెలలు. ఆ తర్వాత మళ్ళీ కొండకి వెళ్ళలేదు. వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

నాలుగోసారి ముందుగా ఐసు కొట్టాయన్ని పిలిచారు. ఐదు నిమిషాల్లో చూశానండీ అని చెప్పి దిగిపోయాడు. బయటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "షావుకారుగారూ, ఊరికే తలనెప్పి తెచ్చుకోకండి. చూశానని ఒక్క ముక్క అనేసి వచ్చేయండి, భోజనానికి వెళదాం," అన్నాడు. ప్రభుత్వ లాయరుగారు కూడా పొద్దున్నే పక్కకి పిలిచి అదే చెప్పారు. ఆయన ఇంకో మాట కూడా అన్నారు. క్యాను మీ కొట్టుదని బయటికొస్తే మీ అమ్మకాల రికార్డులన్నీ చూడవలసి వస్తుందండీ, మీకెందుకొచ్చిన గొడవ అన్నారు. చాలా సౌమ్యంగా అన్నారు.

బోనెక్కేదాకా నేను ఏం చెబుతానో నాకు తెలియదు. ధైర్యం వచ్చిందని అబద్ధం చెప్పను. విసిగిపోయాను, అంతే. ఆ సంతకాన్ని మోసీ మోసీ ఒళ్ళు నొప్పులొచ్చాయి. ఇంకోటి, ఆ పొద్దున్న బయల్దేరేటప్పుడు మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, మీరు లోపల ఏం చెబుతారో అది ఇంటికొచ్చాక నాకూ చెప్పాలి," అంది. ఆవిడకి చెప్పలేని మాట అక్కడ చెప్పడం నా వల్ల కాలేదు.

ప్రమాణం చేయించారు. కాగితం చూపించి సంతకం నాదేనా అన్నారు. నాదేనండీ అన్నాను. సోదా మీ ఎదుట జరిగిందా అన్నారు.

"లేదండీ. షెడ్డు దగ్గరికి నేను వెళ్ళలేదండీ. కాగితం కొట్టుకి తెస్తే పెట్టానండీ."

ప్రభుత్వ లాయరుగారు నేను అడ్డం తిరిగానని జడ్జిగారికి చెప్పి, నన్నే ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. "చదువుకున్నవారు, పరువుగల వర్తకులు, చూడనిదానికి సంతకం పెట్టారా?"

"పెట్టానండీ."

"ఎవరైనా బెదిరించారా?"

"లేదండీ."

"డబ్బిచ్చారా?"

"లేదండీ. టీలు కూడా నేనే ఇప్పిస్తానండీ."

వెనక ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తర్వాత లాయరమ్మ లేచి ఆ ద్రవం ఏమిటో చెప్పమంది. చెప్పాను. ఎకరానికి ఎంత వేస్తారో, ఎప్పుడు వేస్తారో, టైమర్లు దేనికో, ఏ కంపెనీది ఎంతకాలం నిలవ ఉంటుందో అంతా చెప్పాను. జడ్జిగారు మధ్యలో రెండు సందేహాలు అడిగారు, అవీ చెప్పాను. పది నిమిషాలు పట్టింది. అవే పది నిమిషాలు ఆ మధ్యాహ్నం నా కొట్లో ఎస్సైగారికి చెప్పి ఉండవచ్చు. కూర్చోమని ఇంకోసారి అని, కుర్చీ లాగి చెప్పి ఉండవచ్చు.

చివరగా ఆవిడ, "ఇలాంటి నివేదికలు ఇంతకుముందు ఎన్నింటి మీద సంతకం చేశారండీ?" అని అడిగింది.

"లెక్క తెలియదమ్మా," అన్నాను. జడ్జిగారు రాయడం ఆపి తలెత్తి నన్ను చూశారు. మళ్ళీ రాసుకున్నారు. ఆ సంతకాల కింద ఎవరెవరున్నారో, వాళ్ళేమయ్యారో నేను అంతకు ముందెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకున్నా చేసేదేం లేదు.

బయట వరండాలో బల్ల మీద అతను కూర్చుని ఉన్నాడు, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య. ముందు పోల్చుకోలేదు. జుట్టు సగం నెరిసింది, చెంపలు లోపలికి పోయాయి. అతనే లేచి నిలబడ్డాడు.

"నమస్కారమండీ షావుకారుగారూ. అమ్మగారు బాగున్నారా?"

తెలుగు శుభ్రంగా మాట్లాడుతున్నాడు. నేను ఆశ్చర్యపోవడం చూసి, "లోపల నేర్చుకున్నానండీ. పేపరు కూడా చదువుతున్నాను," అన్నాడు. పాప ఎలా ఉందని అడిగాను. బడికెళుతోందట. ఫోన్లో మాట్లాడితే కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతోందట. "తప్పు చేశానయ్యా," అన్నాను. ఫరవాలేదండీ అంటాడనుకున్నాను. మా వైపు ఎవరైనా అంటారు. అతను అనలేదు.

"నాకప్పుడు మాట రాదు కదండీ," అన్నాడు. "సామాను మీ కొట్టుదని చేతులతో చెప్పానండీ వాళ్ళకి. మిమ్మల్ని అడగమని చెప్పాను. తర్వాత జీపు మీ కొట్టు ముందే ఆగింది. నేను వెనక కూర్చున్నానండీ. అడగడానికే తెచ్చారనుకున్నాను. మీరు కాగితమంతా చదివారు. ఏదో చెప్పారు. ఎస్సైగారు నవ్వారు, మీరూ నవ్వారు. సంతకం పెట్టారు. ఇంకేం, షావుకారుగారు చెప్పేశారు, సాయంత్రానికి వదిలేస్తారనుకున్నానండీ."

కానిస్టేబుల్ ఒకాయన మొహం అటు తిప్పుకున్నాడు.

"ఛార్జిషీటు ఇచ్చి, లోపల ఒకాయన చదివి చెప్పేదాకా ఎనిమిది నెలలు పట్టిందండీ. అప్పటిదాకా, నా గురించి మంచి మాట రాసింది మీరొక్కరే అనుకునేవాణ్ణి. మా ఆవిడకి కూడా అలాగే చెప్పాను. ఆవిడ మీ కోసం దువా చేసేది."

ఇంక వెళ్ళాలన్నారు. అతను వెళ్ళాడు.

కొన్ని వారాలకి బెయిలు వచ్చింది. కేసు ఇంకా తేలలేదు. వాయిదాలకి బెంగాలు నుంచి రైల్లో వచ్చి వెళుతున్నాడని లాయరమ్మ చెప్పింది. మా ఊరు మాత్రం రాలేదు. నా కొట్లో రెండుసార్లు తనిఖీలు జరిగాయి, లైసెన్సు మిగిలింది. కొందరు బేరానికి రావడం మానేశారు. సంఘంవాళ్ళు నన్నేమీ అనకుండా, వంతుల్లోంచి నా కొట్టు పేరు తీసేశారు. మిగతావాళ్ళ వంతులు నడుస్తున్నాయి. ఐసు కొట్టాయన మొన్న కూడా పెట్టాడు. వద్దండీ అని చెప్పాను. "మీకేమండీ, మీకు వంతు లేదు," అన్నాడు.

కోర్టు రోజు ఇంటికొచ్చాక బోనులో చెప్పినదంతా మా ఆవిడకి చెప్పాను. వరండాలో అతనన్నది చెప్పడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఆవిడ విని, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "మరి జీపులో ఉన్నాడు కదండీ. మీకు కనపడలేదా?" అని అడిగింది.

లేదన్నాను. ఆవిడ నమ్మింది. బోనులో దాచనివాణ్ణి ఇంట్లో ఎందుకు దాచానో నాకు తెలియదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, చదువుతుంది.

కనపడ్డాడు. చివరి సంతకం పెట్టి తలెత్తితే, జీపు వెనక నుంచి నా వైపే చూస్తున్నాడు. బేడీలు వేసిన రెండు చేతులూ కలిపి ఎత్తి, నవ్వుతూ దణ్ణం పెట్టాడు. నేను తల దించుకుని, గల్లాపెట్టె మీద పెన్ను మూత కోసం వెతుక్కున్నాను.